మూడో చెయ్యి

(ఉపాధ్యాయ శిక్షణలో ఉన్న విద్యార్థుల ముందు ఒక విశ్రాంత డ్రాయింగ్ మాస్టరు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసుకున్న పాఠం.)

అందరికీ నమస్కారం. మైకు కొంచెం కిందికి దించు బాబూ... చాలు, చాలు.

మీ ప్రిన్సిపాల్ గారు ఫోన్ చేసినప్పుడు దేని మీద మాట్లాడమంటారు అని అడిగాను. "పేద పిల్లలు, కళ, దయ, ఈ మూడూ కలిపి ఏదన్నా చెప్పండి సార్" అన్నారు. దయ అనే మాట వింటే నాకు కొంచెం గుబులు. ఎందుకో మధ్యలో చెప్తాను. ముందు ఈ కాగితం చూడండి. వెనక బెంచీల వాళ్ళకు కనపడదు, తర్వాత చేతికే ఇస్తాను. ఇదొక పెళ్ళిపత్రిక. ముందు వైపు వినాయకుడు, వధూవరుల పేర్లు, విందు ఎన్ని గంటలకో అన్నీ ఉన్నాయి. వెనక వైపు ఒక పిల్లగాడు వేసిన బొమ్మ ఉంది. ఆ బొమ్మలో నేను చేసిన తప్పు కూడా ఉంది. ఇవాళ నేను చెప్పబోయేదంతా ఆ తప్పు చుట్టూ తిరుగుతుంది.

నేను జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో 31 ఏళ్ళు డ్రాయింగ్ మాస్టరుగా చేశాను. బడిలో డ్రాయింగ్ మాస్టరు స్థానం ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. ఎవరు సెలవు పెట్టినా ఆ క్లాసుకు పొయ్యేది డ్రాయింగ్ సారే. పదో తరగతి పరీక్షలు దగ్గరపడితే మాత్రం డ్రాయింగ్ పీరియడు లెక్కల సారుది అయిపోతుంది. మంత్రిగారు వస్తున్నారంటే గేటు మీద స్వాగతం రాయడానికి మళ్ళీ నేనే. (నవ్వులు) నేను డ్రాయింగ్‌లో లోయర్, హయ్యర్ రెండు పరీక్షలూ పాసై వచ్చినవాణ్ణి. ఫ్రీహ్యాండ్‌లో కుండ వేస్తే నడుమ గీతకు అటూ ఇటూ వెంట్రుకవాసి తేడా రాకూడదు. అట్లా నేర్చుకున్నాం, అట్లాగే నేర్పాం. పిల్లలు వేసిన కుండలు, మామిడికాయలు, జెండాలు ఎన్ని వేలు దిద్దానో లెక్క లేదు. దిద్దడమే నా ఉద్యోగం.

రిటైరయ్యాక ఇంట్లో కూర్చోబుద్ధి కాలేదు. పెద్దపల్లి వైపు తిరిగినవాళ్ళు ఇటుక బట్టీలు చూసే ఉంటారు. అక్కడ పనిచేసేవాళ్ళలో చాలామంది పశ్చిమ ఒడిశా నుంచి, బలంగీర్, నువాపడా జిల్లాల నుంచి వస్తారు. వాళ్ళకు భాద్రపదంలో కొత్త బియ్యం పండుగ ఉంటుంది, నువాఖాయ్ అంటారు. ఆ పండుగ వెళ్ళగానే కూలీలను కుదిర్చే సర్దారు ఊళ్ళోకొచ్చి అడ్వాన్సు చేతిలో పెడతాడు. నవంబరు, డిసెంబరు కల్లా బట్టీ దగ్గర దిగుతారు. వానలు పడేదాకా కదలరు. కూలి రోజుకింత అని ఉండదు, వెయ్యి ఇటుకలకు ఇంత అని ఉంటుంది. అట్లాంటప్పుడు పిల్లలు ఊరికే కూర్చుంటారా? పచ్చి ఇటుక ఒక పక్కే ఎండుతుంది, దాన్ని తిప్పాలి. పెద్దవాళ్ళు ఆ వరసల మధ్య తిరిగితే మెత్తటి ఇటుక నలిగిపోతుంది. పిల్లల కాళ్ళు తేలిక, వేళ్ళు సన్నం. అందుకని తిప్పే పని పిల్లలది.

అక్కడికి ఆదివారం పొద్దున ఏడింటికి స్కూటర్ మీద వెళ్ళడం మొదలుపెట్టాను. ఒక వేపచెట్టు కింద యూరియా సంచులు పరిస్తే అదే క్లాసు. మొదటిరోజు నలుగురు వచ్చారు. నెల తిరిగేసరికి ముప్పై మంది దాకా అయ్యారు. వాళ్ళకు తెలుగు రాదు, నాకు ఒడియా రాదు. ఇద్దరికీ వచ్చీ రాని హిందీ.

వాళ్ళలో ఒక పిల్లగాడికి తొమ్మిదేళ్ళుంటాయి. పేరు చెప్పను, వాణ్ణి అడిగి రాలేదు. వాడు ఈ కాగితం నిండా చిన్న చిన్న డబ్బాలు గీశాడు. వరస తర్వాత వరస. ఆకాశం లేదు, చెట్టు లేదు, మనిషి లేడు. పై నుంచి కాకి చూసినట్టుంది. ప్రతి డబ్బాలోనూ బొగ్గు రుద్దాడు, కుడి పక్క మూలకు ఒక్కటి మాత్రం ఖాళీగా వదిలాడు. నేనేమనుకున్నాను? పాపం, పిల్లగాడికి పర్‌స్పెక్టివ్, అంటే దూరం దగ్గర తేడా చూపించి గీయడం, తెలియదు, నేర్పుదాం అనుకున్నాను. వాడి చేతిలోంచి పెన్సిల్ తీసుకుని, దూరం పోయేకొద్దీ దగ్గరయ్యేటట్టు రెండు గీతలు గట్టిగా లాగాను. "గిట్ల వెయ్యాలె బిడ్డా, ఇప్పుడు నిజం బట్టీ లెక్క అయింది సూడు" అన్నాను. వాడు చూశాడు. తల ఊపాడు. కాగితం నా ఒళ్ళో పెట్టి లేచి వెళ్ళిపోయాడు. మూడు ఆదివారాలు మళ్ళీ ఆ చెట్టు కిందికి రాలేదు.

పని ఎక్కువుందేమో అనుకున్నాను. నిజంగా అట్లాగే అనుకున్నాను.

ఆ రోజుల్లోనే నా పాత స్టూడెంటొకడు వాట్సాప్‌లో ఫోటోలు పంపాడు. జర్మనీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, సెలవులకు చెక్ దేశంలో ప్రాగ్ నగరానికి వెళ్ళాడు. "సార్, ఇవి చూస్తే మీరు పంపే బట్టీ పిల్లల బొమ్మలు గుర్తొచ్చినయి" అని రాశాడు. ఆ చోటు పింకాస్ సినగాగ్, యూదుల పాత ప్రార్థనా మందిరం. ఇప్పుడది స్మారకం. గోడల నిండా పేర్లే, దాదాపు 80,000 పేర్లు, నాజీల చేతుల్లో పోయిన చెక్ యూదులవి. మేడ మీద గదిలో పిల్లల బొమ్మలు. ఆ బొమ్మలు వేయించినామె గురించి నేను దొరికినదల్లా చదివాను. కొంచెం వివరంగానే చెప్తాను. ఇంకో గంటలో మీ బస్సు ఉందని తెలుసు, అయినా చెప్తాను.

ఆమె పేరు ఫ్రీడల్ డికర్. 1898లో వియన్నాలో పుట్టింది. నాలుగేళ్ళకే తల్లి పోయింది. తండ్రి స్టేషనరీ దుకాణంలో గుమాస్తా. అంటే బొమ్మలూ కొమ్మలూ లేకపోయినా ఆ పిల్లకు కాగితం, పెన్సిల్ దొరికేవి. పెద్దయ్యాక జర్మనీలో బౌహౌస్ అనే ప్రసిద్ధమైన కళాశాలలో చదివింది. అక్కడ ఆమె గురువు యోహానెస్ ఇట్టెన్. ఆయన క్లాసు మొదలుపెట్టే పద్ధతి విచిత్రంగా ఉండేది. ముందు ఊపిరి పీల్చి వదలడం, ఒళ్ళు సాగదీయడం, ఆ తర్వాతే పెన్సిల్. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. తర్వాత ఆమె వియన్నాలో ఇళ్ళకు, పిల్లల బడులకు లోపలి అమరికలు, ఫర్నిచర్ డిజైన్ చేసింది. 1934లో కమ్యూనిస్టు పనుల్లో ఉందని అరెస్టు చేశారు. బయటికొచ్చాక ప్రాగ్ చేరి, హిట్లర్ జర్మనీ నుంచి పారిపోయి వచ్చిన కుటుంబాల పిల్లలకు బొమ్మలు నేర్పింది. అక్కడే పావెల్ బ్రాండైస్‌ను పెళ్ళి చేసుకుంది. పాలస్తీనా పోవడానికి ఆమెకు వీసా వచ్చింది, భర్తకు రాలేదు. ఆమె పోలేదు.

1942 డిసెంబరులో ఇద్దరినీ తెరెజీన్ పంపించారు. ప్రాగ్‌కు ఉత్తరాన ఒక పాత కోట ఊరు అది, నాజీలు యూదులను బంధించి ఉంచిన చోటు. సైనికులతో సహా ఏడు వేల మంది బతికే చోట, 1942 సెప్టెంబరు నాటికి 58,000 మందిని కుక్కారు. అక్కణ్ణుంచి రైళ్ళు తూర్పుకు, ఆష్‌విట్జ్ అనే మరణశిబిరం వైపు పోయేవి. మనిషికి 50 కిలోల సామాను తెచ్చుకోనిచ్చేవారు. మీరైతే ఏం సర్దుకుంటారు? దుప్పట్లు, స్వెట్టర్లు, తిండి. ఆమె సామానులో ఎక్కువ భాగం కాగితం, రంగులు. పిల్లల కోసం.

తెరెజీన్‌లో పిల్లలకు చదువు చెప్పడం నిషేధం. పాటలకు, బొమ్మలకు మాత్రం అడ్డు చెప్పేవాళ్ళు కాదు. వాటివల్ల ఏమవుతుందిలే అనుకున్నారేమో. మన హెడ్మాస్టర్లు కూడా అట్లాగే అనుకుంటారు. (నవ్వులు) ఎల్-410 అని ఆడపిల్లల వసతిగృహం. ఆమె అందులోనే ఉంటూ క్లాసులు నడిపింది. తెచ్చిన కాగితం ఎన్నాళ్ళొస్తుంది? ఆఫీసుల్లో వాడి పారేసిన ఫారాల వెనక వైపు వేయించింది. రంగు కాగితం ముక్కలు చింపి అంటించి బొమ్మ కట్టడం నేర్పింది. అచ్చు ఫారం గళ్ళు కనపడుతూనే ఉంటాయి, వాటి మీద ఒక పువ్వో, పడవో. ఊపిరితో మొదలుపెట్టేది, తర్వాత లయ, తర్వాత గీత. గురువు దగ్గర నేర్చుకున్నదే. చలికి, భయానికి బిగుసుకుపోయిన వేళ్ళతో ఎవరూ గీత గీయలేరు కదా.

ఇంకో పని చేసేది. ప్రతి పిల్ల తన బొమ్మ మీద తన పేరు రాయాలి. చాలా బొమ్మల మీద గది నంబరు కూడా ఉంటుంది. అక్కడ మనిషికి రవాణా నంబరు ఉండేది. రైలెక్కించేటప్పుడు ఆ నంబరుతోనే పిలిచేవాళ్ళు. ఈ క్లాసులో పేరు.

1943లో అక్కడి టీచర్ల ముందు పిల్లల బొమ్మల మీద ఒక ప్రసంగం చేసింది. ఆ రాతప్రతి మిగిలింది. పిల్లల్ని చిత్రకారుల్ని చేయడానికి ఈ క్లాసు కాదంటుంది. వాళ్ళ లోపల ఉన్న సృజనశక్తి ఎండిపోకుండా చూడడం, గమనించే అలవాటు, సొంతంగా తేల్చుకునే ధైర్యం ఇవ్వడం పని అంటుంది. పెద్దవాళ్ళు తొందరపడి తమ పద్ధతి వాళ్ళ మీద రుద్దితే, వాళ్ళది పోతుంది అంటుంది. ఆ కోటలో, ఆ ఆకలిలో కూర్చుని ఇంత తేటగా ఆలోచించింది. నేనేమో నెలనెలా జీతం తీసుకుంటూ 31 ఏళ్ళు కుండలు దిద్దాను.

1944 సెప్టెంబరు 28న భర్తను ఆష్‌విట్జ్ పంపించారు. తననూ అక్కడికే పంపమని ఈమె అడిగి మరీ పేరు రాయించుకుంది. అక్టోబరు 6న రైలెక్కింది. 9న ఆష్‌విట్జ్‌లోనే బిర్కెనావ్ అనే భాగంలో చంపేశారు. భర్త బతికాడు. పోయేముందు పిల్లల బొమ్మలన్నీ రెండు సూట్‌కేసుల్లో పెట్టి వెళ్ళింది. యుద్ధం అయ్యాక ఆ వసతిగృహం చూసుకున్న విలీ గ్రోగ్ వాటిని ప్రాగ్‌లో యూదు సంఘానికి అప్పజెప్పాడు. దాదాపు 4,500 బొమ్మలు. వేసిన పిల్లల్లో చాలామంది బతికి లేరు. కానీ ఏ బొమ్మ ఎవరిదో ఇవాళ చెప్పగలుగుతున్నామంటే మూలన రాసిన పేరు వల్లే.

ఇక్కడ ఒకటి చెప్పకపోతే అబద్ధం ఆడినట్టవుతుంది. ఫ్రీడల్ పిల్లల చేత ఎక్కువగా పూలు, తోటలు, పాత ఇళ్ళు, దూరపు కొండలు వేయించింది. లోపల ఉన్నది బయటికి రావాలని. అదే ఊళ్ళో హెల్గా వైసోవా అని పన్నెండేళ్ళ పిల్ల ఉండేది. మంచు బొమ్మ చేస్తున్న పిల్లల్ని గీసి వేరే బ్యారక్‌లో ఉన్న తండ్రికి దొంగచాటుగా పంపింది. ఆయన జవాబు: "చూసినదే గీయి." ఆ పిల్ల అప్పటినుంచి రొట్టె కోసం క్యూలు, మంచాలు, రైలెక్కడానికి సామాను మోసుకెళ్ళేవాళ్ళు, అన్నీ గీసింది. బతికి బయటపడింది, పెద్ద చిత్రకారిణి అయింది. ఒకరేమో కలగనమన్నారు, ఒకరేమో చూసింది చూసినట్టు గీయమన్నారు. ఎవరిది ఒప్పు? నేను చాలా రోజులు తలకొట్టుకున్నాను. బట్టీ దగ్గర ఇద్దరూ ఉంటారు. ఒక పిల్ల ఎప్పుడూ నెమలే వేస్తుంది, ఇంకోడు ఎప్పుడూ లారీయే. నెమలి వేసే పిల్లను "మీ గుడిసె వెయ్యవే" అని బలవంతం చేయకండి. పేదరికం బొమ్మలో కనపడాలని మనకుంటుంది, చూసేవాళ్ళకు కంట నీళ్ళు రావాలని. ఆ పిల్లకు నెమలి కావాలి.

సరే. ఫ్రీడల్ దగ్గర వియన్నాలోనూ ప్రాగ్‌లోనూ బొమ్మలు నేర్చుకున్న అమ్మాయి ఇడిత్ క్రామర్. 1938లో తప్పించుకుని న్యూయార్క్ చేరింది. 1950లో విల్ట్‌విక్ అనే బడిలో చేరింది. న్యూయార్క్ పేటల్లో పెరిగి, చిన్నవయసులోనే పోలీసు కేసుల దాకా పోయిన మగపిల్లలను ఉంచే చోటు. ఏడేళ్ళు వాళ్ళతో బొమ్మలు వేయించింది. ఇవాళ ఆర్ట్ థెరపీ అని మీ సిలబస్‌లో ఒక పేరా ఉంటుందే, దానికి పునాది వేసినవాళ్ళలో ఆమె ఒకరు. ఆమె చెప్పిన మాట ఒకటి నన్ను పట్టుకుంది: మూడో చెయ్యి. పిల్లవాడికి రెండు చేతులుంటాయి. టీచరు మూడో చెయ్యి కావాలి. కాగితం జారిపోతుంటే పట్టుకునే చెయ్యి. మట్టి బొమ్మ కాలు విరిగి పడిపోతుంటే లోపల పుల్ల పెట్టే చెయ్యి. రంగు మరీ నీళ్ళయితే ఇంకొంచెం కలిపి ఇచ్చే చెయ్యి. అంతవరకే. ఆ చెయ్యి తన ఊహను బొమ్మలో పెట్టకూడదు, అర్థం మార్చకూడదు, తన శైలి రుద్దకూడదు.

అది చదివిన రాత్రి ఈ పెళ్ళిపత్రిక తీసి చూశాను.

మరుసటి ఆదివారం ఆ పిల్లగాడి అక్కను అడిగాను, తమ్ముడు ఎందుకు రావట్లేదని. ఆ పిల్లకు తెలుగు కొంచెం వచ్చు, రెండు సీజన్లుగా వస్తున్నారు కాబట్టి. కాగితం చూపించాను. ఖాళీ డబ్బా మీద వేలు పెట్టి "ఇటా టూట్ గయా" అంది. ఇటుక విరిగింది. వాడు తిప్పుతుంటే విరిగిన ఇటుక అది. ఆ రోజు నాన్న కొట్టాడట. వాడు అది ఎవరికీ నోటితో చెప్పలేదు. నాకు కాగితం మీద చెప్పాడు. నేను ఫస్ట్ క్లాస్‌లో పాసైన నా పర్‌స్పెక్టివ్ గీతను సరిగ్గా ఆ డబ్బా మీదుగా లాగాను.

(కొద్దిసేపు మౌనం)

నీళ్ళుంటే ఇవ్వండి బాబూ.

తర్వాత నేను మార్చుకున్నవి చిన్న చిన్న పనులు. పెన్సిల్ నా జేబులో పెట్టుకోవడం మానేశాను. జేబులో ఉంటే చెయ్యి ఊరుకోదు. "ఇదేంది?" అని అడగడం మానేసి "దీని గురించి చెప్పు" అనడం నేర్చుకున్నాను. పిల్లవాడు చెప్పకపోతే ఊరుకోవడం, అది ఇంకా కష్టం. కాగితానికి కొదవ లేదు, మన దగ్గర పెళ్ళిళ్ళున్నంత కాలం. టౌన్లో ప్రెస్సు ఓనర్‌ను అడిగితే తప్పు పడ్డ పత్రికలు, కటింగ్ ముక్కలు బస్తాలకెత్తి ఇచ్చాడు. ఎన్నికలప్పుడు ఒక వైపే అచ్చేసిన కరపత్రాలైతే పండగే. అన్ని పార్టీల వెనకా తెల్లగానే ఉంటుంది. (నవ్వులు)

రంగులు కూడా అక్కడివే. ఇటుక పొడిని పల్చటి గుడ్డలో జల్లించి తుమ్మజిగురుతో కలిపితే జాజు లాంటి ఎరుపు. బట్టీ బొగ్గు నలుపు. చిక్కుడాకు నలిపితే పచ్చ, మీ తాతలు పలకలకు రుద్దిందే. పసుపు ఉండనే ఉంది. ఒకరోజు పసుపు నీళ్ళలో చిటికెడు సున్నం వేశాను, పారాణిలా ఎర్రబడింది. ఆ గిన్నె చుట్టూ మూగిన మొహాలు చూడాల్సింది. "ఫిర్ సే, ఫిర్ సే" అని నాలుగుసార్లు చేయించారు. ఇంట్లో వంటకు పసుపు లేదని మా ఆవిడ నన్ను తిట్టింది, అది వేరే కథ.

మన చేర్యాల నకాశీ చిత్రకారుల పటాలు చూశారు కదా. చింతగింజల జిగురు పట్టించిన బట్ట మీద ఎర్రటి నేల, దాని మీద వరసగా బొమ్మలు. పటం ఒక్కో మడత విప్పుకుంటూ కథకుడు కథ నడిపిస్తాడు. భాష కుదరని చోట ఇదే దారి అనిపించింది. పత్రికలు ఒకదానికొకటి అంటించి పొడుగ్గా పటం చేశాం, ఒక్కో పిల్లకు ఒక్కో గడి. ఎవరి గడి వచ్చినప్పుడు వాళ్ళు లేచి తమ భాషలో చెప్పాలి. ఊరు, గుడి, బస్సు, రైలు పెట్టె, బట్టీ. ఊరి గడి విప్పుతుంటే ఒక తల్లి వచ్చి నిలబడింది. వాళ్ళ ఇళ్ళల్లో మార్గశిర గురువారాలు బియ్యప్పిండి నీళ్ళతో లక్ష్మి పాదాలు వేస్తారు, ఝోటి అంటారు, మన ముగ్గు లాంటిదే. ఆమె ఏమీ మాట్లాడలేదు. సున్నం నీళ్ళలో వేళ్ళు ముంచి, పటంలో గుడి ముందర రెండు చిన్న పాదాలు వేసి, చెంగుకు చెయ్యి తుడుచుకుని పనికి పోయింది. నా ముప్పై ఏళ్ళ చేతికి అంత సున్నితమైన గీత రాదు.

ఇక దయ. ఒక ఆదివారం ఒకాయన కారేసుకొచ్చాడు. కొడుకు పుట్టినరోజు. కేకు, మెరుపు టోపీలు, రంగు పెన్సిళ్ళ డబ్బాలు ఒక 40. ఆ రోజు పిల్లలు యాభై మంది దాటారు, పక్క బట్టీ వాళ్ళు కూడా వచ్చారు మరి. వరసగా నిలబెట్టి, ముందు వరసల చేతిలో డబ్బాలు పెట్టి ఫోటో తీశారు. తీశాక డబ్బాలు చాలవని తేలింది. పెద్దపిల్లల చేతుల్లోవి తీసి చిన్నవాళ్ళకు ఇచ్చారు. అంటే ఫోటోలో నవ్వుతున్న పిల్లల్లో కొందరి చేతిలో ఆ డబ్బా ఉన్నది మూడు నిమిషాలు. ఆయన చెడ్డవాడు కాదు. చెమటలు కక్కుకుంటూ కేకు ముక్కలు స్వయంగా పంచాడు. ఎవరిదో మొహం వాడిపోయిందని ఆయనకు తట్టలేదు, అంతే. నాకూ తట్టేది కాదు ఒకప్పుడు. నేను కూడా ఆ ఫోటోలో ఉన్నాను, నడుమన, దండ వేసుకుని.

నేను చూసిన దయలు వేరే ఉన్నాయి, వాటికి ఫోటోలు లేవు. బట్టీ గుమాస్తా ఒకడున్నాడు, కోపిష్టి. నన్ను మొదట గేటు లోపలికి రానివ్వలేదు. కానీ ఆర్నెల్ల తర్వాత, ఆదివారం లోడు లారీని ఏడింటికి కాకుండా ఎనిమిదిన్నరకు రమ్మన్నాడు. ఎందుకని అడిగితే "దుమ్ము లేస్తది గదా సార్, మీ కాగితాలు ఖరాబైతయి" అన్నాడు. ఆ గంటన్నర అతనికి ఉత్తపుణ్యాన రాదు, ఓనరుతో మాట పడాలి.

ఇంకొకరు డిగ్రీ చదివే అమ్మాయి. "నాకు బొమ్మలు రావు సార్, నేనేం చెయ్యను?" అంది. మరుసటి వారం ఒక నెయిల్ కట్టర్ తెచ్చుకుంది. పిల్లల గోళ్ళ నిండా మట్టి ఇరుక్కుని చివర్లు పగిలి ఉంటాయి. ఒక్కొక్కరి చెయ్యి తన మోకాలి మీద పెట్టుకుని, గోరువెచ్చటి నీళ్ళలో తడిపి, పది వేళ్ళూ తీసేది. గంటకు పన్నెండు మంది. రంగుల కంటే ఆ పిల్ల ముందే పెద్ద లైను. గోళ్ళు పెరగకుండానే వచ్చి నిలబడేవాళ్ళు. ఆమె ఒక్క వారం మానేయలేదు. ఒక ఆదివారం జ్వరం వస్తే తమ్ముడితో కట్టర్ పంపించింది.

మీలో చాలామంది వస్తామంటారు, నాకు తెలుసు. వచ్చేముందు ఒక్కటి ఆలోచించండి. ఆ పిల్లలకు జీవితంలో అందరూ మధ్యలో వెళ్ళిపోయేవాళ్ళే. సర్దారు, లారీ, బడి, ఊరు. మీరు రెండు వారాలొచ్చి ఎంతో ప్రేమగా ఉండి మూడో వారం మాయమైతే, రాకపోవడమే నయం. ఎన్ని ఆదివారాలు వస్తారో ముందే చెప్పండి. నాలుగే అయితే నాలుగే. నాలుగో రోజు చెప్పి వెళ్ళండి.

ఇంకో మాట, కటువుగా ఉంటుంది. బొమ్మల క్లాసు బడికి బదులు కాదు. మన దగ్గర ఎం.వి. ఫౌండేషన్‌తో వేలమంది పిల్లల్ని పని నుంచి బడికి తెచ్చిన శాంతా సిన్హా గారు, 2003లో మెగసెసే అవార్డు అందుకున్నామె, ఒక సూత్రం మీద నిలబడ్డారు: బడి బయట ఉన్న ప్రతి పిల్లా బాలకార్మికురాలే. పగటి పూట పూర్తి బడి కావాలి, అంతకు తక్కువ ఏదీ ఒప్పుకోం అని. నేను మొదట్లో అబ్బా, మరీ ఇంత పట్టా అనుకున్నాను. ఇప్పుడు ఒప్పుకుంటాను. 2009 చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలందరికీ చదువు హక్కు అంది. కానీ ఈ పిల్లల సంవత్సరం మధ్యలో విరిగిపోతుంది. అక్కడ రిజిస్టర్లో పేరుంటుంది, పిల్ల ఇక్కడుంటుంది. ఒడియా పుస్తకాలు తెప్పించి, ఒడియా వచ్చిన వాలంటీర్లతో బట్టీల దగ్గరే బడులు నడిపిన రోజులున్నాయి. నడిచిన చోట పిల్లలు నిలబడ్డారు. ఆదివారం నా చెట్టు కింద కూర్చుని సోమవారం మళ్ళీ ఇటుకలు తిప్పితే, నేను చేసింది ఏమిటి? అందుకని ఇప్పుడు ప్రతి సీజన్ మొదట్లో, రంగులకంటే ముందు, పిల్లల జాబితా రాసుకుని దగ్గరున్న సర్కారు బడి హెడ్మాస్టరు దగ్గరికి, మండల విద్యాధికారి ఆఫీసుకు తిరుగుతాను. కొన్నిసార్లు పని అవుతుంది. కొన్నిసార్లు చాయ్ తాగి వస్తాను.

పిల్లగాడు మళ్ళీ వచ్చాడా అని అడగాలనుకుంటున్నారు మీరు, మీ మొహాలు చూస్తే తెలుస్తోంది. వచ్చాడు. నాలుగో ఆదివారం, చెట్టు దాకా కాదు, పచ్చి ఇటుకల వరస దగ్గర నిలబడ్డాడు. నేను వెళ్ళి ఈ కాగితం చూపించి, నా గీత మీద వేలు పెట్టి, "ఏ మేరీ గల్తీ" అన్నాను. హిందీ సరిగ్గా వచ్చిందో లేదో. రబ్బరు ఇచ్చాను, తుడిపెయ్యమని. వాడు తుడిచాడు. పెళ్ళిపత్రిక కదా, నున్నటి పూత. నేను నొక్కి గీసిన గీత పోలేదు, పైపూత మాత్రం లేచిపోయింది. వాడు ఆ లేచిన చోటు కాసేపు చూసి, బొగ్గుముక్క తీసుకుని, ఆ ఖాళీ ఇటుక చుట్టూ మళ్ళీ నాలుగు గీతలు గట్టిగా గీశాడు. కింద పేరు రాయమన్నాను. ఒడియాలో రాశాడు, వాళ్ళ అక్క అక్షరాలు చెప్తుంటే.

జూన్‌లో వానలు పడ్డాయి, వెళ్ళిపోయారు. మరుసటి సంవత్సరం ఆ బట్టీకి వేరే ఊరివాళ్ళు వచ్చారు. నేను పేరు రాయించాను గాని ఊరి పేరు రాయించలేదు. కాగితం వాడికి ఇచ్చేయాల్సింది, పటంలో అంటిద్దామని నా రేకుపెట్టెలో ఉంచుకున్నాను. అట్లా నా దగ్గర ఉండిపోయింది.

ఇదిగో. మొదటి బెంచీ నుంచి వెనక్కి పంపండి. కొంచెం ఏటవాలుగా, వెలుతురుకు పెట్టి చూడండి, అప్పుడు నా గీత కనపడుతుంది. మడత పెట్టకండమ్మా, బొగ్గు రాలిపోతుంది.